వైజాగ్‌లో పికప్ బండి ఎన్నాళ్ళు వస్తుంది, కొత్తది కొనాలా పాతది కొనాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి కొనే ముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. ఇక్కడ పికప్ అంటే బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా, టాటా ఏస్, సూపర్ క్యారీ లాంటివి, అంటే రోజూ లోడు మోసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చే బండ్లు. వి-క్రాస్, హైలక్స్ లాంటి సొంతానికి కొనే పికప్‌ల సంగతి కింద విడిగా ఉంది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మన ఊళ్ళో ఇంజన్ కంటే ముందు చాసీ, అంటే బండి కింద ఉండే ఇనుప ఫ్రేము పోతుంది. కాబట్టి ఏ సంవత్సరం మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడిగే ముందు ఈ బండి ఇన్నాళ్ళూ ఏం సరుకు మోసింది, రాత్రిళ్ళు ఎక్కడ నిలబడింది అని అడగండి.

అసలు పికప్ ఎన్నేళ్ళు నడుస్తుందండి?

ఇంజన్ వరకే అయితే, ఆయిలూ ఫిల్టర్లూ టైముకి మార్చుకుంటూ వేడెక్కకుండా చూసుకుంటే బొలెరో లాంటి నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ రెండున్నర, మూడు లక్షల కిలోమీటర్ల దాకా విప్పకుండా వచ్చేస్తుంది, ఆ తర్వాత బోరు చేయించి పిస్టన్లు, రింగులు వేయిస్తే మళ్ళీ కొన్నేళ్ళు లాగుతుంది. ఏస్ దగ్గర అంత ఆశించకూడదు. 2005లో వచ్చిన మొదటి ఏస్‌లో ఉన్నది 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్, ఊళ్ళో చిన్న చిన్న ట్రిప్పులకి తయారుచేసిన బండి అది, దాని మీద రెట్టింపు బరువు వేసి అనకాపల్లి నుంచి బెల్లం తోలితే తొందరగానే అలిసిపోతుంది, అందులో బండి తప్పేమీ లేదు.

ఏళ్ళ లెక్కన చెప్పమంటే, మంచి చేతిలో పొడి సరుకు మోసే బండి 12 నుంచి 15 ఏళ్ళు హాయిగా వస్తుంది. అదే బండి చేపల ఐసు లోడు మీద ఉంటే ఆరేడు ఏళ్ళకే బాడీ ఫ్లోరు ఒకసారి మార్పించాల్సి వస్తుంది. క్లచ్ ప్లేటు, టైర్లు, బ్యాటరీ, బ్రేక్ లైనర్లు అరగడం మామూలే, వాటిని చూసి బండి అయిపోయిందనుకోకండి.

సముద్రం గాలికి నిజంగా అంత తేడా ఉంటుందా, లేక మెకానిక్కులు భయపెడతారా?

ఉంటుందండి, చాలా ఉంటుంది. ఉప్పు పడినచోట తడి ఆరదు, గాల్లో ఉన్న తేమని కూడా ఉప్పే లాగి పట్టుకుంటుంది, రంగు ఎక్కడ కాస్త లేచినా అక్కడి నుంచి లోపలికి తినేస్తూ పోతుంది. పైకి చూస్తే చిన్న బుడగలా కనిపిస్తుంది, గోరుతో గీకితే కన్నం పడుతుంది. జాలారిపేట, భీమిలి, బీచ్ రోడ్డు దగ్గర ఆరుబయట పెట్టే బండినీ, కొత్తవలస వైపు షెడ్డులో పెట్టే బండినీ ఒకే సంవత్సరంవి పక్కపక్కన నిలబెట్టి కిందకి దూరి చూడండి, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మల్కాపురం, సింధియా, పోర్టు రోడ్డు వైపు నిలబడే వాటికి ఉప్పుగాలితో పాటు బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము కూడా పడుతుంది, ఆ దుమ్ము చాసీ మూలల్లో పేరుకుపోయి తడిని వదలదు.

అన్నిటికంటే ఘోరం మాత్రం ఫిషింగ్ హార్బర్ పని. ఐసు కరిగిన నీళ్ళు, చేపల నీళ్ళు, ఉప్పునీళ్ళు అన్నీ కలిసి ఫ్లోరు అతుకుల్లోంచి కిందకి కారుతూనే ఉంటాయి, సరిగ్గా కింద ఏముంటాయంటే క్రాస్ మెంబర్లు (చాసీ అడ్డపట్టీలు), బ్రేక్ పైపులు, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) బిగించే బ్రాకెట్లు, అంటే తెగితే ప్రాణం మీదకి వచ్చేవే. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను, చేపల బండిని ఎంత తక్కువకి ఇచ్చినా కింద చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పాత బండిలో తుప్పు ఎలా చూడాలి? మాకు మెకానిక్ పని తెలీదు.

తెలియక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. పగలు వెళ్ళండి, సాయంత్రం ఆరు తర్వాత సెల్‌ఫోన్ లైటుతో బండి చూసి కొనకండి. పాత బట్ట ఒకటి పరుచుకుని కిందకి దూరండి. చాసీకి తాజాగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి, అమ్మే ముందు కింద రంగు వేయించే అవసరం మంచి చాసీకి రాదు. చిన్న స్పానర్‌తో తట్టుకుంటూ వెళ్ళండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట డబడబమని చచ్చు శబ్దం వస్తుంది, పొరలు పొరలుగా రాలుతుంది.

ముఖ్యంగా చూడాల్సినవి క్యాబిన్ వెనక చాసీ మీద చేరే మూల, వెనక కట్టల బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే మౌంటింగులు, వెనక యాక్సిల్ మీదుగా పోయే బ్రేక్ పైపు, బ్యాటరీ ట్రే, డోర్ల అడుగు, అద్దం కింద అంచు, ఫుట్‌బోర్డు. ఫ్లోరు మీద రబ్బరు మ్యాట్ గానీ ప్లైవుడ్ గానీ వేసి ఉంటే ఎత్తించి చూడండి, ఓనరు ఎత్తనివ్వకపోతే ఆ బేరం అక్కడితో ఆపేయండి. చాసీ పొడవునా ఎక్కడైనా వెల్డింగ్ గీత, పట్టీ అతుకు కనిపిస్తే ఎందుకు వేయించారో తెలిసేదాకా వదలొద్దు. చాసీ నంబరు పంచింగ్ సి బుక్కుతో (అంటే ఆర్‌సీతో) అక్షరం అక్షరం సరిపోవాలి, తుప్పు పట్టి నంబరు కనిపించకపోతే రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

ఇంకో పని చేయండి, రోడ్డు మీద నీళ్ళు పోయించి బండిని ఆ తడి మీదుగా నెమ్మదిగా నిటారుగా పోనిచ్చి వెనక నుంచి టైరు గుర్తులు చూడండి, వెనక టైర్లు ముందు టైర్లకి సమానంగా రాకుండా ఒక పక్కకి జరిగి ఉంటే చాసీ వంగింది గానీ యాక్సిల్ జరిగింది గానీ.

వరదలో మునిగిన బండి అని ఎలా తెలుస్తుంది?

సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగండి, బయటి భాగం కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద చార ఉండిపోతుంది. సీటు కింద పట్టాలు, ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చగా చిలుం, హెడ్‌లైట్ లోపల మన్ను చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు నీళ్ళలో ఉండిపోయినవీ, చెట్లు పడి నలిగినవీ బాగుచేసి తిప్పినవి ఉన్నాయి, కాబట్టి 2014 కంటే ముందు మోడల్ చూస్తుంటే ఆ మాట అడగండి. ఆ తర్వాత కూడా మనకి తుఫాన్లు తక్కువేం రాలేదు.

కిలోమీటర్లు తక్కువ ఉంటే మంచి బండే కదా?

కచ్చితంగా చెప్పలేం. మొదటిది, మీటరు వెనక్కి తిప్పడం కష్టమైన పనేం కాదు, అందుకే మీటరు కంటే సర్వీస్ బిల్లులు, పాత ఇన్సూరెన్స్ కాగితాలు, టైర్ల మీద తయారీ తేదీ నమ్మండి, స్టీరింగు, గేరు రాడ్డు తల, క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగాయో చూస్తే మీటరు చెప్పేది నిజమో కాదో తెలిసిపోతుంది. రెండోది, 60 వేలు తిరిగిన బండి అంతా పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ సందుల్లోనే ఫస్ట్ గేరు సెకండ్ గేరులో తిరిగి, పోర్టు గేటు దగ్గర గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లో క్యూలో నిలబడి ఉంటే, అది హైవే మీద లక్షన్నర తిరిగిన బండి కంటే ఎక్కువ అలిసిపోయి ఉంటుంది. మీటరుకి దూరం తెలుస్తుంది గానీ బరువు తెలియదు.

అయితే ఏ పని చేసిన బండి కొనొచ్చు?

నా లెక్కలో మొదటి వరస టెంట్ హౌస్ బండ్లు, పూల బండ్లు, బేకరీ, మందుల డెలివరీ బండ్లు. ఆనందపురం పూల మార్కెట్‌కి తెల్లారకుండా వచ్చి వెళ్ళే బండ్లకి బరువు తక్కువ, రోడ్డు ఖాళీ, అవి దొరికితే వదలకండి. కిరాణా, బియ్యం, కూరగాయల బండ్లు పర్వాలేదు, కాకపోతే పాడేరు, అరకు ఘాట్‌లో తిరిగినవైతే బ్రేకులు, క్లచ్, గేర్‌బాక్స్ బాగా చూపించుకోవాలి, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్ చేతిలో ఉంటే డ్రమ్ములు కాలి నీలంగా అయిపోయి ఉంటాయి.

ఇసుక, కంకర, ఐరన్ స్క్రాప్ మోసినవి చూస్తే కమాన్ కట్టల్లో కంపెనీ ఇచ్చినవి కాకుండా అదనంగా ఎన్ని పట్టీలు వేశారో లెక్కపెట్టండి. పట్టీలు కలిపారంటే ఓవర్‌లోడు ఖాయం, పట్టీ బరువు మోస్తుంది గానీ ఆ బరువు అంతా చాసీకి, యాక్సిల్ హౌసింగ్‌కి, బేరింగులకి, బ్రేకులకి పోతుంది, వాటిని ఎవరూ బలంగా మార్చరు కదా. వాటర్ క్యాన్ల బండ్లు మధ్యరకం, మంచినీళ్ళే అయినా ఫ్లోరు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఇంజన్ ఎలా పరీక్షించాలి?

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి, మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీసి చూస్తే పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే రింగులు పోయినట్టు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీల్) పోయిందని అనుమానించాలి, నల్ల పొగ అంటే ఇంజెక్టర్లైనా, గాలి ఫిల్టరైనా, టర్బో అయినా పాడైనట్టు. ఖాళీ బండి ఎవరికైనా బాగానే ఉంటుంది, అందుకే నలుగురు మనుషులనో నాలుగు బస్తాలనో ఎక్కించి ఒక ఎత్తు ఎక్కించండి, ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ అయిపోయింది. చివరగా ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్‌కి చూపించండి, అమ్మేవాళ్ళు తీసుకెళ్ళే మెకానిక్‌కి కాదు.

కొత్తదా పాతదా, డబ్బు లెక్క చెప్పండి.

చాలామంది పాత బండి అయితే ఈఎంఐ బాగా తగ్గుతుందనుకుంటారు, అక్కడే లెక్క తేడా వస్తుంది. సులువుగా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నాను, మీ కొటేషన్‌తో మీరు మళ్ళీ వేసుకోండి. కొత్త బండి ఆన్‌రోడ్ 10 లక్షలు, చేతి డబ్బు 2 లక్షలు, మిగతా 8 లక్షలు 10 శాతం వడ్డీకి ఐదేళ్ళు అంటే నెలకి దాదాపు 17,000, మొత్తం వడ్డీ రెండు లక్షల ఇరవై వేలు దాకా. పాత బండి 5 లక్షలు, చేతి డబ్బు లక్ష, మిగతా 4 లక్షలు పాత బండి కాబట్టి 15 శాతం, మూడేళ్ళే ఇస్తారు, నెలకి దాదాపు 13,900, వడ్డీ లక్ష దాకా. అంటే బండి ధర సగం, నెల కట్టు మాత్రం మూడు వేలే తేడా, ఆ మిగిలేది కూడా క్లచ్ పనికో టైర్లకో పోతుంది. కాకపోతే మూడేళ్ళకి పాత బండి మీ సొంతం అయిపోతుంది, కొత్తదానికి ఇంకా రెండేళ్ళు కట్టాలి.

దీన్నిబట్టి నా అభిప్రాయం ఇది. పని ఖాయంగా ఉండి, అంటే ఏదైనా కంపెనీకో గోడౌన్‌కో రోజూ తిరగాల్సిందే, ఒక్కరోజు బండి ఆగినా కాంట్రాక్ట్ పోతుంది అన్నట్టుంటే కొత్తది తీసుకోండి, వారంటీ ఉంటుంది, రాత్రి నిద్ర పడుతుంది. కిరాయిలు దొరుకుతాయో లేదో తెలియకుండా కొత్తగా దిగేవాళ్ళు మాత్రం పెద్ద లోన్ నెత్తిన పెట్టుకోకండి, దయచేసి. అప్పు లేకుండా గానీ, చిన్న అప్పుతో గానీ దొరికే, మూడు నుంచి ఐదేళ్ళ వయసున్న సింగిల్ ఓనర్ బండి వెతుక్కోండి. చేపల పనికి అయితే కొత్త బండి ఓపెన్ బాడీతో పెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు, పెడితే కారకుండా ఉండే ఇన్సులేటెడ్ డబ్బా కట్టించి పెట్టండి.

కొత్త బండి విలువ ఎంత తొందరగా పడిపోతుంది?

ఇన్సూరెన్స్ వాళ్ళు ఐడీవీ (బండికి వాళ్ళు కట్టే విలువ) వేసే పట్టిక ఒక కొలత ఇస్తుంది, ఆరు నెలల లోపు 5 శాతం తగ్గిస్తారు, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50. బజారు ధర దీనికి అచ్చంగా సరిపోదు, బొలెరో పికప్ లాంటి గిరాకీ ఉన్నవి ఇంతకంటే నిలబడతాయి. ఇంకో విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి అమ్మేవాళ్ళు నేను ఇంతకి కొన్నాను అని పాత బిల్లు చూపిస్తే దాన్ని పట్టించుకోకుండా ఈరోజు అదే బండి షోరూంలో ఎంతో తెలుసుకుని దానిమీద బేరం ఆడండి. మీకు జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారం ఉంటే గూడ్స్ బండి మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే మీ వ్యాపారం కట్టాల్సిన జీఎస్టీలో అది తగ్గుతుంది, అది కలిపితే కొన్నిసార్లు కొత్తదే చవక పడుతుంది, ఆడిటర్‌ని అడగండి.

బీఎస్4 మంచిదా బీఎస్6 మంచిదా?

బీఎస్ అంటే బండి పొగకి ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బండ్లే అమ్ముతున్నారు, అంటే బీఎస్4 ఏది దొరికినా అయిదేళ్ళు దాటినదే. బీఎస్4 రిపేరు సులువు, ఆటోనగర్‌లో ఎవరైనా చేస్తారు. బీఎస్6 డీజిల్‌లో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఆగకుండా వేగంగా పోవాలి, రోజంతా డాబాగార్డెన్స్, జగదాంబ మధ్య ఆగుతూ ఆగుతూ తిరిగితే ఫిల్టర్ మూసుకుపోయి లైటు వెలుగుతుంది. అలాంటి బండిని వారానికి ఒకసారైనా హైవే ఎక్కించి ఆనందపురం వైపో అనకాపల్లి వైపో ఒకే వేగంతో పోనివ్వండి. ఆ ఫిల్టర్ తీసేసి ఖాళీ పైపు పెట్టిన బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి, అవి కొనొద్దు, పొల్యూషన్ దగ్గరా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరా ఇరుక్కుంటారు. ఊళ్ళోనే చిన్న ట్రిప్పులైతే పెట్రోల్ గానీ సీఎన్‌జీ గానీ చూడండి.

కాగితాల్లో ఏం చూడాలి?

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ ఉందా తెలుస్తుంది, ఈ-చలాన్లు విడిగా చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు వాళ్ళిచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్చడానికి ఫారం 29, 30. ఒడిశా నుంచో ఇంకో రాష్ట్రం నుంచో వచ్చిన బండి అయితే అక్కడి ఆర్టీవో ఎన్ఓసీ, అంటే ఫారం 28 కూడా కావాలి, ఇక్కడ టాక్స్ మళ్ళీ కట్టాలి, ఆ ఖర్చు బేరంలో కలుపుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోండి. అమ్మేవాళ్ళకి కూడా ఒక మాట, సంతకాలు పెట్టిచ్చేసి ఊరుకోకండి, రేపు ఏ యాక్సిడెంట్ అయినా ఆర్‌సీ మీద పేరున్నవాళ్ళనే అడుగుతారు.

ఫైనాన్స్ వాళ్ళు సీజ్ చేసి యార్డులో పెట్టిన బండ్లు తక్కువకి వస్తాయి, కానీ కిస్తీలే కట్టలేని మనిషి సర్వీస్ చేయించి ఉంటాడని అనుకోలేం, పైగా ఎండకీ వానకీ నెలల తరబడి నిలబడి ఉంటాయి. ధరలో ఆ తేడా కనిపిస్తేనే తీసుకోండి.

15 ఏళ్ళు దాటితే బండి స్క్రాప్ చేసేస్తారా?

లేదండి. అది ఢిల్లీ వైపు ఉన్న వయసు రూల్ విని భయపడుతున్నారు. 2021లో వచ్చిన స్క్రాప్ పాలసీ ప్రకారం ప్రైవేటు వ్యక్తుల బండి ఫిట్‌నెస్‌లో పాస్ అయితే తిరగొచ్చు. గూడ్స్ బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఎఫ్‌సీ చేయించాలి. వయసు పెరిగేకొద్దీ ఆ ఫీజు బాగా పెరుగుతుంది, గ్రీన్ టాక్స్ కూడా ఉంటుంది, అందుకే 13, 14 ఏళ్ళ బండి చవగ్గా వస్తోందంటే రాబోయే ఖర్చు లెక్క వేసుకోండి.

లైసెన్స్, పర్మిట్ సంగతేంటి?

మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పర్మిట్ అయితే లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి అక్కర్లేదు. ఆ బరువు సి బుక్కులో ఉంటుంది, కొనే ముందే చూసుకోండి, ఒకే పేరుతో ఉన్న బండ్లలో ఒకటి ఆ గీత కింద, ఇంకోటి పైన ఉండొచ్చు.

రేషన్ బండ్లు అమ్మకానికి వస్తే కొనొచ్చా?

2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం రాష్ట్రమంతా 9,260 బండ్లు దించారు, 2025 జూన్ నుంచి ఆ పద్ధతి ఆపేశారు. పని రీత్యా అవి మంచివే, పొడి సరుకు, దగ్గర దూరాలు. కాకపోతే సందుల్లో ఆగుతూ తిరిగినవి కాబట్టి క్లచ్, సెల్ఫ్ మోటార్ చూడండి, వెనక డబ్బా బాడీ ఆర్‌సీలో ఎలా రాసి ఉందో, దాన్ని విప్పి ఓపెన్ బాడీ చేస్తే మార్పు ఎక్కించుకోవాలో, అమ్మే మనిషికి పూర్తి హక్కు వచ్చిందో లేదో ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి.

సొంతానికి వి-క్రాస్, హైలక్స్ లాంటివి?

ఇవి వేరే జాతి. వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, హైలక్స్ 2022లో మన దేశానికి వచ్చింది. సొంతానికి రిజిస్టర్ చేస్తే తెల్ల ప్లేటు, 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. లోడు పడదు కాబట్టి చాలా ఏళ్ళు వస్తాయి, పాతవి ఎంచుకోడానికి తక్కువ దొరుకుతాయి. బీచ్‌లో ఇసుక మీద తిప్పినది అయితే కింద తప్పనిసరిగా చూడండి.

ఎలక్ట్రిక్ ఏస్ గురించి?

2022లో వచ్చిన ఏస్ ఈవీకి 21.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ, కంపెనీ చెప్పిన రేంజ్ 154 కిలోమీటర్లు, లోడు వేస్తే అంత రాదు. ఊళ్ళో రోజూ ఒకే రూటు, సాయంత్రం గోడౌన్‌లో చార్జింగ్ ఉంటే బాగుంటుంది. సెకండ్ హ్యాండ్ ఈవీ అయితే కంపెనీ సర్వీస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించకుండా కొనకండి.

కొన్నాక ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలి?

కింద కడగాలి, మంచినీళ్ళతో, వారానికి ఒకసారి, చేపల లోడు అయితే అదే రోజు. అందరూ క్యాబిన్ కడిగి అద్దం తుడిచి మెరిపిస్తారు, చాసీ కింద మాత్రం ఎవరూ నీళ్ళు కొట్టరు. చాసీ లోపలికి నీళ్ళు పోయే కన్నాలు, డోర్ల అడుగున కన్నాలు బురదతో మూసుకోకుండా చూడండి. అండర్ కోటింగ్ కొత్త బండికి మొదటి నెలలోనే చేయించండి, పాత బండికి అయితే తుప్పు మొత్తం గీకించి ప్రైమర్ కొట్టించాకే, తుప్పు మీద కోటింగ్ వేస్తే లోపల తినేది కంటికి కనిపించదు అంతే. కింగ్ పిన్నులకీ (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు) షాకిల్స్‌కీ (కట్టల చివర ఉండే కొక్కేలు) గ్రీజు పెట్టించండి, కమాన్ కట్టల యు-బోల్టులు కొత్త బండికి మొదటి సర్వీస్‌లో ఒకసారి, ఆ తర్వాత కట్టలు విప్పినప్పుడల్లా ఇంకోసారి బిగించమని మీరే అడిగి చేయించండి.